బోదె కేసుతో బాపట్ల పోటీకి

ఏళ్ళ తరబడి నా కడుపులో ఉడుకుతున్న మాట ఒకటుంది. నా కేసు ఏ ప్లీడరూ చివరిదాకా వినలేదు. నేను నోరు తెరవగానే "విషయానికి రండి" అంటారు. విషయంలోనే ఉన్నాను కదయ్యా! మాది రేపల్లె పక్క పల్లె. మా బాబాయి కొడుకు సాంబయ్య చేలోంచి నా చేనుకు బోదె వచ్చేది, అంటే కాలవ నీళ్ళు తెచ్చే చిన్న పాయ. వాడు చేను చదును చేయిస్తూ దాన్ని పూడ్చేశాడు. నేను కోర్టుకెక్కాను. అప్పటినుంచి వాయిదాలే తప్ప మా ఇద్దరి మధ్య మాటల్లేవు. ప్రతి సార్వాకూ, అదే వానాకాలం వరికి, ఇంజను పెట్టి మురుక్కాలవ నీళ్ళు తోడుకుంటున్నాను.

అలాంటి సమయంలో మా మేనకోడలు సుజాత ఫోన్ చేసింది. బాపట్లలో ఒక లా కాలేజీలో పాఠాలు చెబుతుంది.

"మామయ్యా, మా దగ్గర క్లయింట్ కౌన్సెలింగ్ పోటీ పెడుతున్నాం. పిల్లలు ఇద్దరిద్దరు ప్లీడర్లలా కూర్చుంటారు. కష్టం చెప్పుకోడానికి వచ్చినాయనతో ఎలా మాట్లాడుతున్నారో జడ్జీలు చూస్తారు. ఆ వచ్చినాయన వేషం నువ్వు కట్టాలి."

"నేను చెప్పేది వాళ్ళు వినాల్సిందేనా?"

"వినకపోతే మార్కులు పోతాయి."

"ఏ రోజు రావాలో చెప్పు."

ఇలాంటి పోటీ చూడ్డానికి వెళ్ళేవాళ్ళకు దారి చెబుతాను. రేపల్లెలో పొద్దున్నే తెనాలి పాసింజరు ఎక్కండి. టిక్కెట్టు ఖరీదు ఓ ప్లేటు ఇడ్లీ కన్నా తక్కువే. కిటికీ పక్కన కూర్చుంటే దారి పొడుగునా దుక్కి చేసిన చేలు కనిపిస్తాయి. నేను వెళ్ళినప్పుడు కాలవకింకా నీళ్ళు వదల్లేదు కాబట్టి నారుమళ్ళు ఎండి నెర్రెలిచ్చి ఉన్నాయి. తెనాలిలో దిగి, టిఫిన్ అక్కడే కానిచ్చి, చీరాల వైపు పోయే బండి ఎక్కితే గంటలోపే బాపట్ల. స్టేషన్ బయట ఆటో అబ్బాయి నన్ను చూసి, "బీచ్‌కా పెదనాన్నా?" అన్నాడు.

"కాదు, లా కాలేజీకి."

"ఈ వయసులో లా చదువుతారా ఏంటండి?"

"చదివేది వాళ్ళు. నేను కేసు చెప్తా."

వాడు దారంతా నవ్వుతూనే ఉన్నాడు. అలా నవ్వినందుకు డబ్బులేం తగ్గించలేదు.

నాకు చదవడం నిదానం కాబట్టి వేషం సంగతి సుజాతే చదివి వినిపించింది. నేనొక కొట్టు యజమానినట. అద్దెకున్నవాడు ఖాళీ చేయడం లేదట. సరేనని మొదటి జంట ముందు కూర్చున్నాను. టై కట్టుకున్న కుర్రాడు కొట్టు ఎప్పుడు అద్దెకిచ్చారని అడిగాడు. లేని కొట్టు గురించి ఎంతసేపు మాట్లాడతాం? ఎదురుగా ఇద్దరు ప్లీడర్లు, చెవులు నావైపే. నా నోరు ఆగలేదు.

"కొట్టు సంగతి అటుంచు అబ్బాయ్. మా బోదె సంగతి విను."

సుజాత తల పట్టుకుంది. గుంటూరు నుంచి జడ్జిగా వచ్చిన ప్లీడరమ్మ మాత్రం నవ్వి, "నిజం క్లయింట్లు ఇలాగే ఉంటారు. కానివ్వండి బాబాయ్ గారూ, అయితే అన్ని జంటలకూ ఇదే కేసు చెప్పాలి" అంది. నాకంతకన్నా కావలసిందేముంది!

టై కుర్రాడు సెక్షన్లు చెప్పాడు. రెండో జంటలో ఒకడు "బాధపడకండి అంకుల్" అన్నాడు. నాది బాధ కాదు, కోపం అని చెప్పాను. చివరి జంటలో రేష్మా అనే తెనాలి పిల్ల ఉంది. పెన్ను పక్కన పెట్టి, మా తాతల కాలం నుంచి మొదలుపెట్టి నేను చెప్పిందంతా విన్నది. నేను ఆగాక అడిగింది.

"తాతగారూ, మీకు కావాల్సింది తీర్పా, నీళ్ళా?"

"నీళ్ళేనమ్మా."

"బోదె పాత చోటే ఉండాలా? ఆయన చేను మధ్యలోంచి కాకుండా గట్టు వెంబడి తీస్తే మీకేమన్నా అభ్యంతరమా?"

"నాకేం అభ్యంతరం? చుట్టు తిరిగొచ్చినా నీళ్ళు నీళ్ళే."

"ఈ మాట సాంబయ్య గారికి ఎవరైనా చెప్పారా అండి?"

"నన్నెవరైనా అడిగితే కదా!"

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆ పిల్లకిచ్చింది రెండో బహుమతి. మొదటిది సెక్షన్ల కుర్రాడికట! నేరుగా జడ్జీ దగ్గరికి పోయి, "క్లయింటును నేనమ్మా, నన్నడగరే?" అన్నాను. "మీ ఓటు పడితే పోటీ ఎందుకండీ బాబాయ్!" అని ఆవిడ నవ్వింది. తప్పు తీర్పేనని ఇప్పటికీ అంటాను.

సాయంత్రం పిల్లలు నన్ను షేరాటోలో సూర్యలంక బీచ్‌కి తీసుకెళ్ళారు. పంచె ఎగగట్టి మోకాళ్ళదాకా నీళ్ళలో దిగాను. "తాతగారూ, ఇక్కడ ఏ బోదె అక్కర్లేదు" అని రేష్మా ఆటపట్టించింది. "ఈ ఉప్పునీళ్ళకి వరి పండుతుందా పిల్లా?" అన్నాను. అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో!

తిరుగు బండిలో ఒకటే ఆలోచన. ఇన్నేళ్ళూ నా కేసు గెలవాలని చూశారే గానీ, నాకేం కావాలని ఎవరూ అడగలేదు. పరీక్షన్నా పాసవ్వని పిల్ల అడిగింది. వినడం కూడా ఒక విద్యేనని, దానికీ పోటీ పెట్టి నేర్పుతారని నాకు తెలియదు. వెళ్ళేవాళ్ళకు ఒక్క సలహా. సూర్యలంక ఆదివారం పెట్టుకోకండి, గుంటూరు, తెనాలి జనమంతా అక్కడే ఉంటారు. మామూలు రోజున వెళ్ళి, రేపల్లె ఆఖరి బండి వేళ ముందే కనుక్కోండి.

ఇక సాంబయ్యా, నేను చెప్పి రాయించిన ఇదంతా నీ కోడలు ఫోనులో చదివి నీకు వినిపిస్తుందని నాకు తెలుసు. గట్టు వెంబడి బోదెకు నాకు సమ్మతమే. తవ్వకం కూలీ నాది. నీ చేలో సెంటు కూడా పోదు. కాలవకు నీళ్ళొస్తున్నాయి, నారు పోసే వేళయింది. ఔనో కాదో ప్లీడరుతో చెప్పించకు, నీ నోటితో చెప్పు. వచ్చే ఆదివారం పొద్దుగూకే లోపు నాకు జవాబు కావాలి.