పోలరాజు చెవిన పడని మాట

పోలరాజు తన చెవులు రెండూ మిల్లుకి ధారపోశాడు. పెళ్ళికి ముందునుంచీ రోలింగ్ మిల్లులోనే పని. ఎర్రగా కాలిన ఇనుము రోలర్ల మధ్యకి దూరేటప్పుడు అక్కడ దేవుడొచ్చి పిలిచినా వినపడదు. అందుకే ఆ మిల్లువాళ్ళు చేతుల్తో మాట్లాడుకుంటారు. క్రేన్ ఎత్తమన్నా, అన్నానికి పొమ్మన్నా, తర్వాతి షిఫ్టుకి రమ్మన్నా సైగలే. లోపల బాగానే ఉండేది, బయటికొస్తేనే తంటా. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పోల్చుకునేవాడు, పోల్చుకోలేకపోతే నవ్వేసి తలూపేవాడు. చెవిటివాడన్న పేరంటే చచ్చేంత నామోషీ అతనికి. తాముండే భుయ్యాడీహ్ బస్తీ మొత్తంలో ఈ సంగతి ఎవరికీ తెలియదనుకున్నాడు, కట్టుకున్న దాలమ్మతో సహా. పిచ్చి మారాజు!

ఎమర్జెన్సీ ఎత్తేసిన ఏడాది పక్కనే ఉన్న అగ్రికో కాలనీలో తెలుగువాళ్ళు వినాయకుడి పందిరి వేసి, శ్రీకాకుళం నుంచి నీలకంఠం అనే హాస్యగాణ్ణి పిలిపించారు. అతను ఊరికే జోకులు చెప్పి వదిలే రకం కాదు. ఆలుమగల్ని స్టేజీ ఎక్కించి ఆడిస్తాడు. పెళ్ళాం చెవిలో ఒక మాట చెబితే ఆవిడ దాన్ని మొగుడి చెవిలో ఊదాలి, మొగుడు మైకులో పైకి చెప్పాలి. మొదటి జంటని చూడగానే పోలరాజుకి ఆట అర్థమైపోయింది. మెల్లగా లేవబోతుంటే, మిల్లులో జోడీగా పనిచేసే సూర్యం చెయ్యెత్తి అరిచాడు.

"మా పోలరాజు వత్తాడు బాబూ!"

ఇంకేముంది, జనం చప్పట్లు కొట్టి ఇద్దర్నీ స్టేజీ మీదకి తోసేశారు.

నీలకంఠం దాలమ్మ చెవిలో ఏదో చెప్పాడు. బస్తీ అంతా ఎదురుగానే కూర్చుని ఉంది. ఇవాళ్టితో పరువు గంగలో కలిసిపోతుందని పోలరాజు కళ్ళు మూసుకోబోయాడు.

దాలమ్మ అతని చెవి దగ్గరికి రాలేదు. ఎదురుగా నిలబడి చేతులెత్తింది. తర్వాతి షిఫ్టు అన్న సైగ చేసింది. తర్వాత అన్నం సైగ చేసింది. క్రేన్ ఎత్తే సైగతో గిన్నె పొయ్యిమీదకి ఎక్కించింది. ఆఖరికి వేలు అతనివైపే చూపించింది. అన్నీ మిల్లు సైగలే. ముందు సూర్యం పగలబడి నవ్వాడు, తర్వాత మిల్లువాళ్ళందరూ.

"రేపట్నుంచి వంట నేనే సేత్తాను," అన్నాడు పోలరాజు మైకులో.

"ఇది అన్యాయమమ్మా, చెవిలో చెప్పాలి," అని నీలకంఠం నెత్తి కొట్టుకుంటే పందిరి ఊగిపోయింది.

ఇంటిదారిలో పోలరాజు అడిగాడు. "నీకా సైగలెలాగొచ్చేయే?"

దాలమ్మ ఆగి, తన మొహం అతనికి కనబడేలా తిరిగింది. "నిద్దట్లో నువ్వు సేతుల్తో మాటాడతావు మావా. దేనికేటర్థమో సూర్యాన్నడిగీదాన్ని."

"అయితే నా సెవుల సంగతి..."

"సిట్టి పుట్టినప్పుడే ఎరిక. పక్కలో పిల్ల గుక్కపట్టి ఏడుత్తన్నా నువ్వు లెగనేదు."

"మరి అడగనేదేటే?"

"నువ్వు దాసుకుంతంటే నానెలాగడుగుతాను?"

పోలరాజుకి కళ్ళు నిండిపోయాయి. ఇన్నేళ్ళూ ఎవరి దగ్గర దాక్కున్నాడు తను? తల దించుకుని అడిగాడు.

"నోరు తెరిత్తే ఏడుత్తందని తెలుసుకునీవోణ్ణి. పిల్ల గొంతెలాగుండీదే?"

దాలమ్మ అటూ ఇటూ చూడలేదు. నడిరోడ్డు మీదే అతని మెడ వంచి, చెవికి నోరు ఆనించి, పసిపిల్లలా గట్టిగా ఏడ్చి వినిపించింది.