లస్మవ్వ పూల వరుస

చొప్పదండిలో మా అరుగు మీద బీడీలు చుట్టే వినోదకు చేతులు ఒకచోట, మనసు ఇంకోచోట. ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరిస్తూ కత్తిరిస్తూ ఎటో వెళ్లిపోతుంది. "ఓ పిల్లా, యాడున్నవే?" అని గదమాయిస్తే, "అవ్వ దగ్గరికి పోయిన జమునక్కా" అంటుంది. వాళ్లమ్మ లస్మవ్వ చనిపోయి ఏడాది దాటింది.

ఆదిలాబాద్ దిక్కు నుంచి లస్మవ్వ ఫోన్‌లో పంపిన మాటలన్నీ వినోద మెయిల్‌లో దాచుకుంది. వాన పడిందని, పెసర్లు ఎండబోసిందని, అవే మాటలు. రోజూ వినేది. నాకైతే విసుగే. కానీ వింటున్నప్పుడు దాని ముఖం చూస్తే ఏమీ అనబుద్ధి కాదు.

ఆ మెయిల్ పాస్‌వర్డ్ ఫోన్లో ఒక యాప్‌లో ఉండేది. కరీంనగర్‌లో చదివే కూతురు భవ్యశ్రీ పెట్టిచ్చింది. "క్లౌడ్‌ల గూడ పెడ్దామమ్మా, ఫోన్ పోయినా ఇంకో ఫోన్ల దొరుకుతయి" అంటే వినోద ఇంతెత్తున లేచింది. "మన తాళాలు పరాయోళ్లింట్ల పెడ్తవా? నా ఫోన్లనే ఉండనీ!" యాప్ తెరిచే మాట కూడా, కూతుర్ని అటు తిరగమని, తానే కొట్టింది. లస్మవ్వ బతుకమ్మ పేర్చే పూల పేర్లు, వరుసగా. తర్వాత వేలు ఆనిస్తే తెరుచుకునేది కాబట్టి దానితో పనే పడలేదు.

మొన్న ఫోన్ తెర ఒక మూల నుంచి నల్లబడుతూ వచ్చింది. కొత్తది కొని, తొందరపడి పాతదాంట్లో మెయిల్ లాగౌట్ చేసేసింది. కొత్తది పాస్‌వర్డ్ అడిగింది. పాతదాంట్లో యాప్ తెరవబోతే వేలు పట్టలేదు, ఆ పూల మాట కొట్టమంది. ఆకు రుద్ది రుద్ది వేలి గీతలు అరిగిపోయాయి మరి.

తంగేడు, గునుగు, బంతి. కాదంది. తంగేడు, బంతి, గునుగు. అదీ కాదంది.

"అత్తగారింటి వరుసే యాదికొస్తందక్కా. చావైన ఇల్లని పోయినేడు పేర్వకపోతి. అవ్వ వరుస మర్సిపోయిన" అని వినోద తల పట్టుకుంది.

"క్లౌడ్‌ల ఉన్నా గదే మాట అడుగుతది గదనే?" అన్నాను పండుగకొచ్చిన భవ్యశ్రీతో.

"అడుగుతది పెద్దమ్మా. గని ఫోన్ ఆరిపోతదన్న ఫికర్ ఉండకపోను. గిప్పుడు దీంట్ల తప్ప యాడ లేవు. మెయిల్‌కిచ్చిన పాత నంబరు గూడ బందయింది."

సద్దుల బతుకమ్మ నాటికి తెర సగం నలుపు. వినోద పూల ముందు దిగాలుగా నిలబడింది. "ఏడ్సింది సాలు, పూలు వాడిపోతున్నయి, కూసో!" అని కసిరాను. కూర్చుంది. పళ్లెంలో గుమ్మడాకులు పరిచింది. వాకిట్లో ఎండ పచ్చగా వాలింది, పూల వాసన కమ్మేసింది. వినోద మనసు మళ్లీ ఎటో వెళ్లిపోయింది. చేతులు మాత్రం తంగేడును దాటి గునుగు అందుకున్నాయి.

"ముందు తంగేడే పిల్లా" అనబోయి ఊరుకున్నాను. అది నవ్వుతోంది. గునుగు, కట్లపూలు, తంగేడు, బంతి. ఉలిక్కిపడి, చేతులు కొంగుకు తుడుచుకుని, పాత ఫోన్ అందుకుని అదే వరుస కొట్టింది.

కాసేపటికి కొత్త ఫోన్లో లస్మవ్వ పలికింది. "బిడ్డా, పెసర్లు ఎండబోసిన. వాన రాకుంటే బాగుండు."

వినోద భోరుమంది. నేనూ ఏడ్చాను, ఏం?

"గిప్పుడన్న క్లౌడ్‌ల పెట్టన్నా అమ్మా?" అంది భవ్యశ్రీ కళ్లు తుడుచుకుంటూ.

"పెట్టు." వినోద లోపలికి వెళ్లి చిన్న పళ్లెం తెచ్చి కూతురి ముందు పెట్టింది. "గిటు కూసో. పిల్ల బతుకమ్మ నువ్వు పేర్వు."

"వరుస చెప్పు, ఫోన్ల రాసుకుంట."

"రాసుడు లేదు. ముందుగాల గునుగు తీస్కో."