నర్సమ్మ నవలకు పేరు కుదిరిన రోజు

ఆ ఆసుపత్రిలో ఇరవై రెండేళ్లుగా కుట్లు వేస్తున్న నర్సును అందరూ పెద్ద సిస్టర్ అనేవాళ్లు. మనిషి పొట్టి, మాట కరుకు, చెయ్యి మాత్రం వెన్న. చీలిన పెదాలు, విరిగిన ముక్కులు చూసీ చూసీ, ఇంటికొచ్చి కూర్చుని ఏడేళ్లకు ఒక నవల పూర్తి చేసింది. మొగుడి చేతిలో చచ్చిపోయిన తన మేనత్త కథ అది. అచ్చు వేస్తానని ఒకాయన ముందుకొచ్చాడు. పేరు దగ్గరే పేచీ వచ్చింది.

"'వాడిన మల్లె' అని పెడదామమ్మా, ఆడవాళ్లు కొంటారు," అన్నాడాయన ఫోన్లో.

"మా అత్త వాడిపోలేదండీ. గోడకేసి కొడితే తల పగిలి చచ్చిపోయింది."

ఆయన శుక్రవారంలోగా ఆవిణ్నే ఏదో ఒకటి తేల్చమన్నాడు. నవల టైపు చేసిపెట్టిన చెల్లెలు విసుక్కుంది. "ముప్పై పేర్లు రాశావు, ముప్పై కొట్టేశావు. పిల్ల బడికెళ్లే వయసొచ్చినా పేరు పెట్టక 'ఒసే, ఇలా రా' అని పిలిచినట్టుందక్కా నీ వరస!"

గురువారం మధ్యాహ్నం కుట్లగదికి ఒకమ్మాయి వచ్చింది. కనుబొమ ఎముకదాకా చీలింది. వెనకే ఆమె చేతిసంచీ పట్టుకుని, పరమ మర్యాదస్తుడిలా మొగుడు. పెద్ద సిస్టర్ రిజిస్టరు తెరిచింది. పేరు, వయసు అయ్యాక 'గాయానికి కారణం' అనే గడి.

"ఎలా తగిలిందమ్మా?"

అమ్మాయి మొగుడివైపు చూసింది. "మెట్లమీద జారిపడ్డాను."

రాయబోయిన పెద్ద సిస్టర్ చెయ్యి ఆగిపోయింది. ఆ వారంలోనే తొమ్మిదిమంది ఆడవాళ్లు జారిపడినట్టు పైన తన చేతిరాతే ఉంది. చెంప ఛెళ్లుమన్నట్టయింది. మొగుణ్ని బయట కూర్చోమని పంపి, కుట్టు మొదలుపెట్టి, నెమ్మదిగా అడిగింది.

"మీ ఇంటికి మెట్లున్నాయా తల్లీ?"

"లేవు సిస్టర్. ఇస్త్రీపెట్టెతో కొట్టాడు."

తలుపు చాటునుంచి ఆ మాట విన్నాడు వాడు. ఒక్క తాపుతో తలుపు తన్నుకుని వచ్చి, కనుబొమలో సూది వేలాడుతుండగానే పెళ్లాం జుట్టు పట్టి మంచం కమ్మీకేసి బాదాడు. పెద్ద సిస్టర్ అడ్డం వెళితే, పళ్లెంలోని కత్తెర అందుకుని ఆవిడ కుడి అరచేతిలో దించాడు. కత్తెర అవతలికి పొడుచుకొచ్చింది. ఆవిడ కేక కూడా వెయ్యలేదు. ఎడమచేత్తో స్టీలు పళ్లెం తీసి వాడి మొహంమీద కొట్టింది. పన్ను ఊడింది. మళ్లీ కొట్టింది. దవడ పగిలి వాడు కూలబడ్డాడు. పడ్డవాణ్ని మూడోసారి కొట్టింది.

"వదలండి సిస్టర్, చస్తాడు!" అంటూ వార్డుబాయ్ లాగాడు.

"చావనీ," అంది. తన నోట ఆ మాట విని పళ్లెం కింద పడేసింది.

వాణ్ని పోలీసులు పట్టుకుపోయారు. ఆవిడ అరచెయ్యి కుట్టిన కొత్త నర్సు రిజిస్టరు తీసి, "మీకు కారణం ఏమని రాయను?" అంది బెదురుగా.

"ఉన్నదున్నట్టు రాయి," అని ఆ గడివంక కాసేపు చూసి, పెద్ద సిస్టర్ ఫోను అడిగింది.

"పేరు దొరికిందండీ. 'గాయానికి కారణం'."

"ఆసుపత్రి చీటీలా ఉందమ్మా!" అన్నాడు ప్రచురణకర్త.

"ఇరవై రెండేళ్లు ఆ గడిలో అబద్ధం రాశాను. నవల నిండా నిజం రాశాను. ఆ పేరైతేనే వెయ్యండి, లేకపోతే వెనక్కిచ్చెయ్యండి."

ఆయన ఆ పేరుతోనే వేశాడు.

మొగుడు జైలుకు వెళ్లాడు. ఆ అమ్మాయి అన్నగారింట్లో ఉంటూ ఏదో పనిలో చేరింది. రోగి తాలూకు మనిషిని కొట్టినందుకు పెద్ద సిస్టర్‌మీద విచారణ జరిగింది. కొట్టినందుకు పశ్చాత్తాపం ఉందా అని అడిగాడు అధికారి.

"మూడో దెబ్బకు ఉందండీ," అంది ఆవిడ. "మొదటి రెండిటికీ లేదు."

నెలరోజులు ఇంట్లో కూర్చోబెట్టి, తర్వాత మందుల గదికి మార్చారు. కుడిచేతి రెండు వేళ్లు ఇప్పటికీ ముడుచుకోవు.