తడిగుడ్డలో బొటనవేలు

శానిటైజర్ వాసన తగిలితే ఇప్పటికీ నాకు ఆవిడే గుర్తొస్తుంది. కరోనా రోజుల్లో మాచర్ల నుంచి నరసరావుపేట వెళ్లే బస్సులో, నా అవతలి సీట్లో కూర్చుంది. కుడి బొటనవేలికి తడిగుడ్డ చుట్టుకుంది. కండక్టర్ అందరి చేతుల్లో శానిటైజర్ పోస్తూ వస్తే, చెయ్యి కొంగులో దాచేసుకుంది.

“వద్దు నాయనా, ఏలు ఎండిపోద్ది.”

అతను విసుక్కుంటూ వెళ్లిపోయాడు. వేలు తెగిందేమోనని అడిగాను.

“తెగలా అమ్మాయ్. మిరపకాయలు కోసీ కోసీ గీతలు అరిగిపోయినయ్. రైతులకి కరోనా సాయం ఏశారు గదా, బ్యాంకులో మిషనేమో నా ముద్ర పట్టట్లా. రెండుసార్లు తిప్పి పంపారు. నానబెడితే పడుద్దని మా తోటికోడలు చెప్పింది. ఇయ్యాల కూడా పడకపోతే పత్తి ఇత్తనాలు ఎట్టా కొనేది?”

సాయంత్రం అదే బస్సులో తిరిగొస్తుంటే ఆవిడ ఎక్కింది. వేలికి గుడ్డ లేదు. ముద్ర పడిందా అని అడగబోయాను. ఇంతలో కండక్టర్ సీసాతో వచ్చాడు. పొద్దుటి సంగతి గుర్తొచ్చిందేమో, ఆవిణ్ణి దాటి పోబోయాడు.

ఆవిడ ఒళ్లోని పత్తి విత్తనాల సంచి పక్కన పెట్టి, రెండు చేతులూ దోసిలి పట్టింది.

“ఇప్పుడు పొయ్యి నాయనా, నిండా పొయ్యి.”