తోకాడించని కణాలు

మొన్న ఆదివారం పప్పుకు తాలింపు వేస్తుంటే వెల్లుల్లి వాసన గుప్పుమంది. గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను. తాలింపు మాడింది. మా వారు వచ్చి "ఎక్కడున్నావేంటి?" అని నవ్వారు. నేను కాకినాడలో మా వంటింట్లో లేను. ఇరవై ఏళ్ల కిందటి రాజమండ్రిలో, డాక్టర్ సుభాషిణి గారి పక్కన ఉన్నాను. రక్తాన్ని పుట్టించే మూలకణాలను గడ్డకట్టించి దాచేటప్పుడు, అవి పాడవకుండా ఒక మందు కలుపుతారు. ఆ కణాలను తిరిగి రోగికి ఎక్కించినప్పుడు ఆ మందు అతని ఊపిరితో బయటికొస్తుంది. గదంతా వెల్లుల్లి వాసనే.

ఆవిడ పట్నంలో పెద్ద ల్యాబులో పనిచేసి, ఈ కణాల మీద పరిశోధన సొంతూళ్లోనే చేస్తానని పట్టుబట్టి వచ్చారు. ఒక ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు రెండు గదులిచ్చారు. టెక్నీషియన్ ఉద్యోగానికి వెళ్తే ఆవిడ నా సర్టిఫికెట్ల వంక కూడా చూడలేదు. "చేతి నరంలోకి ఎక్కించిన కణం వెతుక్కుంటూ ఎముకలోకే ఎందుకు వెళ్తుందమ్మా? మధ్యలో ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో కాపురం పెట్టెయ్యొచ్చుగా?" అని అడిగారు. తెలియదండీ అన్నాను, ఉద్యోగం పోయిందనుకుంటూ. "హమ్మయ్య. పుస్తకాల్లో ఏదో రాశారు గానీ నాకది చాల్లేదు. రేపట్నించి వచ్చెయ్" అన్నారు. ఆ ప్రశ్న ఆవిడ అడగని మనిషి లేడు. టీ తెచ్చే అతన్ని కూడా వదల్లేదు.

కణాలను దాచడానికి ద్రవ నైట్రోజన్ కావాలి. జంగారెడ్డిగూడెం వైపు పశువుల ఆసుపత్రులకు తిరిగే వ్యానే మాకూ పోసేది. ఒకసారి వ్యాను రాలేదు. క్యాను జీపులో వేసుకుని మేమే ఒక పశువుల ఆసుపత్రికి వెళ్లాం. అక్కడి డాక్టరు గారు మర్యాదగా కూర్చోబెట్టి, గేదెలకు ఎక్కించడానికి దాచిన దున్నపోతు వీర్యాన్ని కరిగించి మైక్రోస్కోపులో చూపించారు. కళ్లం మీద చీమల్లా ఒకటే పరుగులు. మేడం ఆ మైక్రోస్కోపు వదలరే.

"అదృష్టవంతులండీ మీరు. మీవి బతికే ఉన్నామని తోకాడించి మరీ చెబుతాయి. మావి నోరు విప్పవు."

"మాదీ అంత సుఖమేం కాదండీ. ఇక్కడ ఈదినంత మాత్రాన రేపు గేదె చూలు కట్టాలని ఏముంది?" అన్నారాయన. జీపు ఎక్కగానే ఆవిడ ఆ మాట కాగితం మీద రాసుకున్నారు.

ఆ సంవత్సరమే ఏసుపాదం మాష్టారు వచ్చారు. లింఫు గ్రంథుల కాన్సర్. ఒకసారి తగ్గి మళ్లీ తిరగబెట్టింది. ఆయన కణాలే ముందు తీసి దాచి, పెద్ద మోతాదు మందుతో జబ్బునీ ఎముకల్లోని మూలుగునీ కలిపి తుడిచేసి, దాచినవి తిరిగి ఎక్కించాలి. అవి పనిచేయకపోతే మనిషి దక్కడు. మందు మొదలుపెట్టేముందు కొంచెం కరిగించి రంగు వేసి చూశాం. చచ్చిన కణాలు నీలంగా మారతాయి. మేం అనుకున్నదానికంటే నీలం ఎక్కువే కనిపించింది. మేడం ఆ మాట దాచకుండా మాష్టారితో చెప్పారు.

"మిగిలినవి చాలతాయాండీ?"

"చాలొచ్చు. చాలకపోవచ్చు. మళ్లీ తీద్దామంటే ఇక ఎముకల్లోంచి రక్తంలోకి దిగేలా లేవు. ఈ మందు లేకపోతే మాత్రం జబ్బు ఆగదు."

మాష్టారు భార్య రత్నమ్మ గారి వంక చూసి, "అయితే కానివ్వండి" అన్నారు.

కణాలు ఎక్కించిన రోజు గదంతా ఆ వాసన. "నోట్లో వెల్లుల్లి కారం కొరికినట్టుందండీ. ముద్ద అన్నం మాత్రం పెట్టట్లేదు" అన్నారు మాష్టారు. తర్వాత జ్వరం, నోటి నిండా పుళ్లు. రోజూ ఆయన రక్తం చూసేదాన్ని. ఎక్కించినవి ఎముకలో కుదురుకుంటేనే తెల్లకణాలు కనబడతాయి. ఒక్కటీ లేదు. నాకు స్లైడు పెట్టాలంటేనే భయం పట్టుకుంది. ఒకరోజు రత్నమ్మ గారు వరండాలో మేడం చెయ్యి పట్టుకున్నారు.

"బతుకుతారాండీ?"

దేవుడున్నాడు, ధైర్యంగా ఉండండి అంటారనుకున్నాను. మేమంతా అనే మాటే అది. ఆవిడ మాత్రం "తెలియదమ్మా" అన్నారు. అని, ఎదురుగా ఉన్న స్టూలు లాక్కుని రత్నమ్మ గారి పక్కన కూర్చున్నారు. అవతల ఓపీ నిండిపోయింది. నర్సు రెండుసార్లు వచ్చి పిలిచింది. ఆవిడ లేవలేదు. పిల్లలేం చదువుతున్నారని అడిగారు, మాష్టారు లెక్కలు చెబుతారా, తెలుగా అని అడిగారు. చివరికి రత్నమ్మ గారే "వెళ్లండమ్మా, మీకోసం చూస్తున్నారు" అంటే లేచారు.

ఆ వారంలోనే ఒక ఉదయం స్లైడులో ఒక మూల తెల్లకణం కనబడింది. పక్కకు జరిపితే ఇంకొకటి. పిలిస్తే మేడం వచ్చి చాలాసేపు చూశారు. కళ్లు తుడుచుకుని, "దారి ఎవరు చెప్పారే వీటికి?" అన్నారు. మాష్టారు మళ్లీ బడికి వెళ్లారు. తర్వాత వచ్చిన వాళ్లలో కొందరికి ఆ తెల్లకణం కనబడనే లేదు. వాళ్ల ఇంటివాళ్ల పక్కన కూడా ఆవిడ అలాగే కూర్చునేవారు.

మేడం పోయి నాలుగేళ్లయింది. కణానికి దారి ఎవరు చెబుతారన్న ఆ ప్రశ్నకు జవాబు ఇప్పుడు చాలావరకు తెలిసిందంటారు. నేనూ చదివాను. చదివినప్పుడల్లా ఆవిడకు చెప్పాలనిపిస్తుంది, చెప్పడానికి ఆవిడ లేరని ఏడుపొస్తుంది. పోయిన నెల మా ల్యాబు బయట ఒక తండ్రి నన్ను ఆపి, "మా పాప గట్టెక్కుతుందాండీ?" అని అడిగాడు.

తెలియదండీ అన్నాను. స్టూలు లాక్కుని ఆయన పక్కన కూర్చున్నాను.