మార్తమ్మ గారి మీద నా అసూయ

మా మనవరాలు బడి పుస్తకాలకి పురుగు పట్టకుండా వాటి పెట్టెలో ఎండు వేపాకు పెట్టుకుంటుంది. మొన్న ఆ పెట్టె మూత తీయగానే వచ్చిన చేదు వాసనకి నాకు మార్తమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడ పోయి చాలా కాలమైంది. అయినా గుండెలో ముందు మెదిలింది దుఃఖం కాదు, పాత కుళ్ళే. అది దాచి ఆవిడ గురించి రాస్తే అబద్ధమవుతుంది.

నేను మంత్రసానిని. అత్తగారి చేతికింద పని నేర్చుకుని, ధవళేశ్వరానికి దిగువన కాలవ గట్టు మీది మూడు ఊళ్ళలో పురుళ్ళు పోసేదాన్ని. ఆడవాళ్ళకి ఒంట్లో ఏ బాధ వచ్చినా ముందు నా గుమ్మమే తొక్కేవారు. అలాంటి రోజుల్లో మార్తమ్మ గారు మిషను బడికి పంతులమ్మగా వచ్చారు. భర్త పోయారు, పిల్లలు లేరు. ఆవిడ దగ్గర, మధ్య మధ్య ఎండు వేపాకు పెట్టి దాచుకునే, ఆడవాళ్ళ ఆరోగ్యం గురించిన అచ్చు పుస్తకం ఒకటుండేది. ఆడపిల్ల పెద్దమనిషి కావడం దగ్గర్నుంచి కడుపు, కాన్పు, చంటిబిడ్డకి పాలివ్వడం దాకా అన్నీ అందులో ఉండేవి. మధ్యాహ్నం వంటలయ్యాక బడి అరుగు మీద కూర్చుని పైకి చదివేవారు. మొదట చర్చికి వెళ్ళేవాళ్ళు వచ్చారు. తరవాత రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు కూడా, కాస్త ఎడంగా కూర్చుని వినేవారు.

పుట్టింటికి పురిటికొచ్చిన వెంకాయమ్మతో ఒకనాడు "ఇంక బరువులెత్తకమ్మా" అన్నాను. "పంతులమ్మ గారినడిగి చూస్తానే" అంది. ఆ పిల్ల పుట్టినప్పుడు అందుకున్న చేతులు నావి. 

మర్నాడు అరుగు దగ్గరికి పోయి, అందరూ వింటుండగా అడిగాను. "అమ్మా పంతులమ్మా, నువ్వెన్ని పురుళ్ళు పోశావు? పోనీ, ఒక్క బిడ్డనైనా కన్నావా?"

"లేదండి సూరమ్మ గారూ. రెండూ లేవు" అన్నారావిడ. నన్ను గారూ అని పిలిచిన మొదటి మనిషి ఆవిడే. గెలిచి ఇంటికొచ్చానన్న మాటే గాని, గెలిచినట్టు లేదు.

రెండు రోజులకి ఆవిడే పుస్తకం పట్టుకుని మా ఇంటికి వచ్చారు. "ఇందులో ముట్లుడిగిన వాళ్ళ గురించి ఒక్క ముక్కా లేదండి. ఒళ్ళంతా ఆవిర్లొస్తున్నాయని, నిద్ర పట్టడం లేదని పెద్దవాళ్ళు అడుగుతున్నారు. మీరు చెప్తే రాసుకుంటాను."

"నేనొకటి చెప్తే నువ్వొకటి రాసుకోవని నమ్మకమేంటి?"

ఆవిడ నవ్వలేదు. "అయితే చదవడం నేర్చుకోండి. మీరే చూసుకోవచ్చు."

అలా, ఆవిడ మీద నమ్మకం లేక, అక్షరాలు దిద్దాను. నేను చెప్పినవి పుస్తకం చివర కుట్టిన తెల్లకాగితాల మీద ఆవిడ రాసేవారు. నా మాట ఒక్కటీ మారలేదని కూడబలుక్కుని చదివి తెలుసుకునేసరికి ఏడాది గడిచింది. ఆ తరవాత వెనక్కి తిరగేసి అచ్చు పేజీలు మొదలుపెట్టాను. ఒకచోట, బొడ్డు కోసే కత్తిని మరిగే నీళ్ళలో ఉంచాలని, చేతులు వేణ్ణీళ్ళతో కడుక్కోవాలని ఉంది. మేము కొడవలి కొంగుకి తుడిచి కోసేవాళ్ళం. ఏడోనాడో తొమ్మిదోనాడో దవడలు బిగుసుకుని పోయిన పసికందులు వరసగా కళ్ళ ముందుకొచ్చారు. అందులో నా రెండోవాడూ ఉన్నాడు.

"ఇది నాకెందుకు చెప్పలేదు?" అని ఆవిడ మీద అరిచాను.

"మొదటి వారమే చదివానండి. మీరు రాలేదు" అన్నారు. మళ్ళీ ఆవిడే అన్నారు, "నేనూ మంచిదాన్నేం కాదు. ఒక్కో బిడ్డని ఎలా అందుకున్నారో మీరు చెబుతుంటే నాకు కడుపు మండిపోయేది. ఓర్చుకోలేక కలం పక్కన పెట్టేసిన రోజులున్నాయి."

ఆ తరవాత నేను పురుడు పొయ్యడానికి వెళ్తే ఆవిడ వెంట వచ్చి నీళ్ళు కాచేవారు. కొన్నేళ్ళకి ఆవిడని తుని బడికి మార్చారు. నా మాటలున్న కాగితాలు ఆవిడతోనే వెళ్ళాయి. అక్కడ వాటిని వినే ఆడవాళ్ళ మీద కూడా కుళ్ళుకున్నాను.

తరవాత నా చేతుల్లో దవడ బిగిసి పోయిన బిడ్డలు ఒకరిద్దరే. "ఇంత శుభ్రం ఎక్కడ నేర్చుకున్నావే?" అని ఎవరడిగినా, "మా అత్తగారి దగ్గర" అనేదాన్ని. మార్తమ్మ గారు బతికున్నన్నాళ్ళూ అదే చెప్పాను. పోయారని కబురు తెలిసిన వారం, ఒకరింట్లో కత్తి మరగబెడుతుంటే ఆ ఇంటి పెద్దావిడ అదే మాట అడిగింది. "మార్తమ్మ గారని, ఒక పంతులమ్మ నేర్పారండి" అన్నాను. ఆ పేరు నా నోట రావడానికి ఆవిడ పోవాల్సి వచ్చింది. ఇప్పుడు ఏ పురిటింటికి వెళ్ళినా, అడిగినా అడక్కపోయినా చెబుతాను.