నష్టాలు ముందు చెప్పే కామేశ్వరిగారు

ఇప్పుడే మా ఇంటి కప్పు మీంచి మంచు జారిపడింది. ముందు గచ్చు మీద చాప ఈడ్చినట్టు చప్పుడు, వెంటనే పెరట్లో ధబ్బుమని మోత. సోలార్ పలకలున్న ఇళ్ళలో ఈ చప్పుడు మామూలే. గరుకుగా ఉండే కప్పు మీద మంచు అంటుకుని నింపాదిగా కరుగుతుంది. నున్నటి పలకల మీద మాత్రం కాస్త ఎండ తగలగానే ఒక్కసారిగా జారిపోతుంది. ఈ చప్పుడు వినిపించినప్పుడల్లా కిటికీ దగ్గరికి వెళ్ళి కింద ఎవరూ లేరు కదా అని చూస్తాను. ఈ అలవాటు నాకు కామేశ్వరిగారి దగ్గర అంటుకుంది. ఏ ఇంటికి వెళ్ళినా ఆవిడ కప్పు కంటే ముందు ఆ కప్పు కింద ఎవరు నడుస్తారో చూసేవారు.

ఆవిడ మీకెవరికీ తెలిసే అవకాశం లేదు. కాకినాడ మనిషి. యాభై దాటిన వయసు, మగవాళ్ళ బూట్లు, చెవులకు ఎర్రరాళ్ళ దుద్దులు. కెనడాలో మార్కమ్ అనే ఊళ్ళో ఒక గోదాము వెనక గదిలో కూర్చుని, ఇళ్ళకు సోలార్ పలకలు, బ్యాటరీలు, ఇల్లు వెచ్చబరిచే హీట్ పంపులు పెట్టించే చిన్న వ్యాపారం నడిపేవారు. నేను వరంగల్ నుంచి వచ్చి కాలేజీలో ఎనర్జీ కోర్సు పూర్తిచేసి, మూడేళ్ళ వర్క్ పర్మిట్‌లో సగం కాఫీ షాపులో కప్పులు అందిస్తూ కరిగించేసుకున్నాక ఆవిడ దగ్గర చేరాను. అవి ఊళ్ళకు ఊళ్ళే కెనడా విమానం ఎక్కుతున్నట్టుండే రోజులు. కిరాణా కొట్టులో రెండు ఉద్యోగాలున్నాయంటే చాలు, బయట మనవాళ్ళ వరస వీధి మలుపు దాటేది. ఒక ఇంటి అడుగున అద్దెకు తీసుకున్న బేస్‌మెంట్‌లో మేం ఆడపిల్లలం పరుపులు పక్కపక్కన పరుచుకుని పడుకునేవాళ్ళం. చదువుకు తగ్గ ఉద్యోగం ఏడాదిపాటు చేసిన అనుభవం ఉంటే పీఆర్‌కు, అంటే ఇక్కడే స్థిరపడే అనుమతికి, అప్లై చేయవచ్చు. పర్మిట్ అయిపోయేలోగా ఆ ఏడాది నిండాలి, నిండకపోతే పెట్టె సర్దుకోవాలి. మా అందరి బతుకూ ఆ ఏడాది చుట్టూనే తిరిగేది.

చేరిన కొత్తలో ఆవిణ్ణి ఆంటీ అన్నాను. "ఆంటీని మా ఇంటికొస్తే అవుతాను. ఇక్కడ కామేశ్వరిని" అన్నారు. ఉత్త పేరుతో పిలవడానికి నాకు నోరు రాలేదు. అందుకని కామేశ్వరిగారు అన్నాను. అదే స్థిరపడిపోయింది.

నా మొదటి తెలివితక్కువ పని మన తెలుగువాళ్ళం మాత్రమే చేయగలిగింది. ఇక్కడ మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు ఇంకేం చూసినా చూడకపోయినా తూర్పు వాకిలి చూస్తారు. తూర్పు వాకిలి ఇళ్ళలో చాలావాటికి కప్పు ముందుకూ వెనక్కూ, అంటే తూర్పుకూ పడమరకూ వాలి ఉంటుంది. ఒక ఇంట్లో ఆయన సంబరపడిపోతూ, "సూర్యుడు తూర్పునే కదమ్మా ఉదయించేది, మాకు బాగా కరెంటొస్తుంది కదా?" అని అడిగితే నేను తలూపాను. ఎనర్జీ కోర్సు చదివిన దాన్ని! పక్కనే ఉన్న కామేశ్వరిగారు ఆయనకు నిదానంగా చెప్పారు. ఈ దేశంలో సూర్యుడు ఏడాది పొడుగునా దక్షిణం వైపు వంగి తిరుగుతాడనీ, దక్షిణానికి వాలిన కప్పుతో పోలిస్తే వాళ్ళ కప్పు మీద కరెంటు తక్కువే వస్తుందనీ, డిసెంబరులో మరీ తక్కువనీ చెప్పారు. ఆ తర్వాతే వేసవి సంగతి ఎత్తారు. అప్పుడు మిగిలిన కరెంటు గ్రిడ్‌లోకి పోయి జమ అవుతుంది, చలికాలం బిల్లులోంచి ఆ మేరకు తీసేస్తారు. ఆయన మొహం మాడ్చుకుని విన్నాడు. ఆ ఆర్డర్ మాకు రాలేదు.

వ్యాన్‌లో తిరిగి వస్తూ నేను ఉండబట్టలేక అడిగాను, లాభాలు ముందు చెబితే ఏం పోయిందండీ అని. "లాభాలు వాళ్ళకు ముందే తెలుసు. తెలిసే మనల్ని పిలుస్తారు. తెలియనివి చెప్పడానికే మనం వెళ్ళేది" అన్నారు. చావుకబురు చల్లగా చెప్పడం మనవాళ్ళ అలవాటు. ఈవిడ పొయ్యి మీంచి దింపినట్టు వేడివేడిగా చెప్పేసేవారు.

అలాగని మొండిమనిషి కాదు. బ్యాటరీ ఆగ్నేయం మూలనే ఉండాలి, అగ్నిస్థానం కదా అని ఎవరైనా పట్టుబడితే, బేస్‌మెంట్‌లో చోటుంటే మారుమాట లేకుండా అక్కడే పెట్టించేవారు. బ్యాటరీకి ఏ మూలైనా ఒకటే, మనుషులకు కాదు కదా అనేవారు. రిచ్‌మండ్ హిల్‌లో ఒకరింట్లో భూమి అడుగున ఉండే వెచ్చదనంతో ఇల్లు వేడిచేసే ఏర్పాటు కావాలన్నారు. లోతుగా బోరు వేసి, గొట్టాలు దింపి, అందులో నీళ్ళు తిప్పాలి. పైన ఎంత చలి ఉన్నా అడుగున మాత్రం వేడి ఒకే తీరుగా ఉంటుంది. చలికాలం వెచ్చదనం, వేసవిలో చల్లదనం, గ్యాసు అక్కర్లేదు. ఆ ఇంటి మామ్మగారు బోరు ఈశాన్యంలో వేస్తామనగానే, ఇంకేం, లక్షణంగా ఉంటుందన్నారు. కామేశ్వరిగారు ఆవిణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి, బోరు బండి ఏ దారిన వస్తుందో నడిచి చూపించారు. కంచె విప్పాలి, పచ్చిక పోతుంది, మామ్మగారు వేసుకున్న గోంగూర మడి ఆ దారిలోనే ఉంది. గోంగూర సంగతి విని మామ్మగారు రెండు రోజులు ఆలోచించుకుంటానన్నారు. చివరికి ఒప్పుకున్నారు, కానీ కోత అయ్యాకే బండి రావాలని షరతు పెట్టారు.

ఊరి బయట ఎకరాల స్థలం కొన్న ఒక డాక్టరుగారికి గాలిమర మీద మోజు. ఇంటి కప్పు మీదే ఒకటి తిప్పుదామన్నాడు. గాలి బోలెడుంది కదా అని వాదన. చెట్లూ ఇళ్ళూ ఉన్నచోట గాలి తిన్నగా రాదనీ, సుడులు తిరిగి వస్తుందనీ, కప్పంతా అదురుతుందనీ ఆవిడ చెప్పారు. ఖాళీ పొలంలో ఎత్తయిన స్తంభం వేస్తే వేరే సంగతి, రాత్రీ పగలూ కరెంటు ఇస్తుంది, అయినా గాలి పడిపోయిన రోజు ఇంకోదారి ఉండాల్సిందే అన్నారు. ఆయనకు కోపం వచ్చింది. నాకు నవ్వొచ్చింది.

నష్టాలు ముందు చెప్పే ఈ అలవాటు మీకెక్కడ పట్టుకుందని ఒకసారి అడిగాను. ఇక్కడ కరెంటు బిల్లును హైడ్రో బిల్లు అంటారు. నేను వచ్చిన కొత్తలో అది నీళ్ళ బిల్లనుకుని ఇంటి ఓనర్‌తో గొడవ పడిన వైనం చెబుతుంటే మాట అటు మళ్ళింది. ఆవిడ చిన్నప్పుడు, అంటే ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఏజెన్సీ ప్రాంతంలో జలవిద్యుత్ పనిలో ఇంజనీరు. ఆనకట్ట వల్ల పొగ లేని కరెంటు వస్తుందని ఊరివాళ్ళకు చెప్పిరమ్మని పంపారట. చెప్పారట. అంతా విని ఒక ముసలావిడ, మరి మేమెక్కడుంటాం తల్లీ అని అడిగిందట. దానికి జవాబు కామేశ్వరిగారికి ఎవరూ చెప్పి పంపలేదు. ఇంతవరకే చెప్పి, సిగ్నల్ పచ్చబడగానే వ్యాన్ ముందుకు పోనిచ్చారు.

ఓక్‌విల్ అనే ఊళ్ళో పని ఆ శరదృతువులో వచ్చింది. భాస్కర్ అంకుల్ అని, ఒక వీధిలో ఉన్న మనవాళ్ళందరికీ పెద్దదిక్కు లాంటాయన. వీధి మొత్తాన్ని పోగుచేశారు. అన్ని ఇళ్ళకూ పలకలూ బ్యాటరీలూ ఒకేసారి. మా గోదాము చరిత్రలో అంత పెద్ద ఆర్డర్ లేదు. అది వస్తే నా ఏడాది అక్కడే నిండుతుందని ఆవిడే నాతో అన్నారు. బేస్‌మెంట్‌కు వెళ్ళి మౌనికతో ఆ మాట చెప్పి ఇద్దరం గంతులేశాం. మౌనిక నా రూమ్మేట్. తను పనిచేసేచోట ఓనర్ కూడా, పీఆర్‌కు పనికొచ్చే ఉద్యోగం ఇస్తానని, ఇదుగో లెటర్, అదుగో లెటర్ అంటూ ఊరిస్తున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం భాస్కర్ అంకుల్ హాల్లో వీధంతా కూర్చుంది. మిరపకాయ బజ్జీలు, టీ. అంకుల్ భార్య రమణి ఆంటీ ఓ మూల కుర్చీలో, ముక్కుకు సన్నటి గొట్టంతో. ఊపిరితిత్తుల జబ్బు. పక్కన ఆక్సిజన్ మిషన్ గుర్రుమంటూ ఉంది. అది కరెంటుతో నడుస్తుంది. అంతకుముందు చలికాలం మంచువాన కురిసి తీగలు తెగినప్పుడు వాళ్ళిద్దరూ చిన్న సిలిండర్ పట్టుకుని, జారే రోడ్డు మీద బంధువులింటికి పరిగెత్తారట. అంకుల్ పట్టుదలకు అదీ కారణం. సోలారూ బ్యాటరీ వస్తే ఇక మనకు కరెంటు పోయే మాటే లేదని ఆయన అందరికీ ముందే చెప్పేశారు.

కామేశ్వరిగారు ఎప్పట్లానే నష్టాలతో మొదలుపెట్టారు. నేను బజ్జీ చేత్తో పట్టుకుని, ఇవాళ ఒక్కరోజు ఊరుకోకూడదా తల్లీ అని లోపల్లోపల మొక్కుకుంటున్నాను. అంకుల్ మధ్యలోనే ఆపేసి, అవన్నీ చిన్న విషయాలండీ, అందరం రెడీగానే ఉన్నాం అన్నారు. అప్పుడు మూలనుంచి రమణి ఆంటీ మాట్లాడారు. అప్పటిదాకా ఆవిడ గురించి అందరూ మాట్లాడారు గానీ ఆవిడతో ఎవరూ మాట్లాడలేదు.

"కరెంటు పోతే నా మిషన్ ఎంతసేపు నడుస్తుందమ్మా?"

కామేశ్వరిగారు లేచి వెళ్ళి ఆవిడ ఎదురుగా కూర్చున్నారు. "ఇంట్లో అన్నీ ఆపేసి మిషన్ ఒక్కటే వాడితే ఒక రోజు నడుస్తుందండి. మంచువానలో పలకల మీద కూడా ఐసు కడుతుంది. రెండో రోజు కూడా కరెంటు రాకపోతే నేను మాటివ్వలేను. మీ ఊపిరికి దీన్ని నమ్ముకోవద్దు. ముందు జనరేటర్ పెట్టించుకోండి, పెద్ద సిలిండర్లు ఇంట్లో పెట్టుకోండి. సోలార్ తర్వాత సంగతి."

జనరేటర్ మేం అమ్మం. గ్యాసుతో నడిచేది, మా వ్యాపారానికి శత్రువు. భాస్కర్ అంకుల్ మొహం ఎర్రబడింది. రమణి ఆంటీ మాత్రం, "అలాగేనమ్మా" అని, టీ చల్లారిపోయింది, ఇంకోటి పెట్టిస్తానన్నారు. తర్వాత అంకుల్ జనరేటర్ కొన్నారని తెలిసింది. వీధిలో మిగతావాళ్ళు ఇంకెవరితోనో సంతకాలు పెట్టేశారు. ఆ వచ్చినాయన లాభాలు మాత్రమే చెప్పాడట, బాగా చెప్పాడట.

వారం తిరక్కుండా, ఒక హార్డ్‌వేర్ కొట్టు ముందు వ్యాన్ ఆపి, ఇంజన్ ఆపకుండానే కామేశ్వరిగారు నాతో అన్నారు.

"మార్చి దాటితే నీకు జీతం ఇవ్వలేను శిరీషా. ఇవాళే వెతుక్కోవడం మొదలుపెట్టు. ఇంటర్వ్యూ ఉందంటే పని మానేసి వెళ్ళు."

ఓక్‌విల్ ఆర్డర్ వచ్చి ఉంటే, అన్నాను.

"వచ్చుంటే నీ ఏడాది ఇక్కడే నిండేది. అది తెలిసే చెప్పాను. ఆవిడ ఊపిరి మీద నీ ఉద్యోగం నిలబెట్టలేనమ్మా."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ నీతికి నా పర్మిటే దొరికిందా అనుకున్నాను. చాలా రోజులు పనిమాట తప్ప మరో మాట మాట్లాడలేదు. ఆవిడా బతిమాలలేదు. ఇంటర్వ్యూలకు మాత్రం తనే వ్యాన్‌లో దింపేవారు. చలికాలమంతా వెతికితే, మార్చి రాకముందే హామిల్టన్‌లో హీట్ పంపుల కంపెనీలో పని దొరికింది. పర్మిట్ అయిపోయేలోగా రెండుచోట్లా కలిపి ఏడాది నిండింది. మౌనిక ఓనర్ వచ్చే నెల, వచ్చే నెల అంటూ చివరిదాకా లాక్కొచ్చి, పర్మిట్ తీరిపోయే ముందు చేతులెత్తేశాడు. తనకు ఇంకోచోట వెతుక్కునే సమయం మిగల్లేదు. ఎయిర్‌పోర్టులో తనను దింపి వస్తూ నేను ఏడ్చాను. ఎవరి మీద కోపపడాలో అప్పుడు తెలిసింది.

తర్వాత గోదాము మూసేసి కామేశ్వరిగారు కాల్గరీలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పుడప్పుడూ ఫోన్ చేసేదాన్ని. ఒళ్ళు బాగుండడం లేదని తనే చెప్పారు, ఎంత బాగుండడం లేదో కూడా దాచలేదు. పోయిన ఏడాది కన్నుమూశారు.

నా కింద ఇప్పుడు కొందరు పనిచేస్తున్నారు. ఈమధ్య ఆర్డర్లు తగ్గాయి. గుంటూరు నుంచి చదువుకోవడానికి వచ్చి మా దగ్గర చేరిన అమ్మాయికి వేసవి తర్వాత పని ఉండదని పోయిన వారం తేలింది. మేనేజరు, ఇప్పుడే ఎందుకు, ఆగస్టులో చూద్దాం అన్నాడు. నేను ఆ పిల్లను ఆ రోజే కూర్చోబెట్టి చెప్పేశాను. ఇవాళే వెతుక్కోవడం మొదలుపెట్టమన్నాను. నన్ను చూసిన ఆ చూపు నాకు తెలుసు, దాని మీద నాకు కోపం రాలేదు. చెబుతున్నంతసేపూ నా గొంతు వణుకుతూనే ఉంది. ఆ రోజు వ్యాన్‌లో కామేశ్వరిగారి గొంతు వణికిందో లేదో నాకు గుర్తులేదు. నా పర్మిట్ తప్ప ఇంకేదీ అప్పుడు నా చెవికెక్కలేదు.